తలకట్టులో రాలిన అక్షరం

"అలాగే సార్, తలకట్టు పెట్టించేద్దాం. వెనకున్నవన్నీ తీసి ముందు పెట్టేయండి. మా ఇంట్లోవాళ్ళకి మాత్రం తెలియకూడదు."

ట్రయల్ రూములో తెర వేసుకుని, గొంతు తగ్గించి, ఫోనులో మాస్టారు అన్న మాటలివి. తెరకి ఇవతల స్టూలు మీద అతని అత్తగారు చొక్కాలకి గుండీలు కుడుతోంది. ఆవిడ కుడిచెవి పని మానేసి చాలా కాలమైంది. ఎడమచెవి రెండు చెవుల పనీ ఒక్కటే చేస్తోంది కాబట్టి అప్పుడప్పుడూ తడబడుతుంది. ఆ తడబాటులో 'తలకట్టు'లోని 'ల' కాస్తా రాలిపోయింది. మిగిలిన 'త' దీర్ఘం తీసింది. ఆవిడకి వినపడింది ఇది: "తాకట్టు పెట్టించేద్దాం."

సూది వేలికి దిగింది. వేలు నోట్లో పెట్టుకుని, గోడవారగా ఉన్న కుట్టు మిషన్ల వంక, ఆస్పత్రి వార్డులో మంచాల వంక చూసినట్టు, ఒక్కొక్కదాన్నే చూసుకుంటూ పోయింది.

మాస్టారంటే బడి మాస్టారు కాదు, టైలరు మాస్టారు. "పొద్దస్తమానం బట్టలతో ఉండేవాడికి బట్టతల కాక పట్టుతల వస్తుందా?" అని మొదట్లో తనమీద తనే జోకు వేసుకునేవాడు. జోకు తన చేతిలో ఉన్నంత కాలం బాగానే ఉంది. ఒకరోజు ఓ కుర్ర కస్టమరు ప్యాంటు కొలతలకి వచ్చాడు. కాలు పొడవు కొలవాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి. కూర్చుంటే మూడు పక్కలా ఉన్న మూడద్దాల్లోనూ మాస్టారి నడినెత్తే మెరుస్తుంది. ఆ కుర్రాడు జేబులోంచి దువ్వెన తీసి, కిందికి వంగి, మాస్టారి నెత్తిలోకి చూసుకుంటూ క్రాపు దువ్వుకున్నాడు. "మాస్టారూ, నాలుగో అద్దం కింద పెట్టారేంటి?" అన్నాడు. వెంట వచ్చినవాళ్ళు పడీపడీ నవ్వారు. మాస్టారూ నవ్వాడు. ఆ ప్యాంటు మాత్రం ఒక కాలు పొట్టిగా వచ్చింది. అతని చేతిలో కొలత తప్పడం అదే మొదలు.

ఆ వారమే జుట్టు నాటే క్లినిక్కుకి ఫోను చేశాడు. తర్వాత కటింగు బల్ల మీద బ్రౌన్ పేపరు పరిచి, సుద్దముక్కతో బడ్జెట్టు వేశాడు. ఆ క్లినిక్కులో తలని అంగుళాల్లో కాదు, గ్రాఫ్టుల్లో కొలుస్తారు. గ్రాఫ్టంటే ఒక్క కుదురు, దాంట్లో ఒకటో రెండో వెంట్రుకలు. వెనక పీకి ముందు నాటుతారు, నారు పోసినట్టు. ఇతని తలకి అయిదు వేల గ్రాఫ్టులట. మెగా ప్యాకేజీ. ఒక్కో గ్రాఫ్టుకి అయ్యేది, చొక్కా మొత్తానికి కాజాలు కుడితే వచ్చే కూలి. మందులు వేరు. మంటకి రాసుకునే నురుగు వేరు. తల మానేదాకా షాపు మూసుకుని కూర్చునే నష్టం వేరు. ఇన్నేళ్ళూ వెనకేసిందంతా ముందు పెట్టినా ఖర్చు సగానికి వచ్చి ఆగిపోయింది.

మిగతా సగం కోసం మాస్టారి చూపు పేపరు మీంచి లేచి, తిరిగి తిరిగి, ఎంబ్రాయిడరీ మిషన్ మీద వాలింది. అక్కణ్ణుంచి దాని పక్కన, గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మీదికి పాకింది. ఎంబ్రాయిడరీ మిషన్ భార్యది. షాపు అద్దె వెళ్ళేది దాని సంపాదనలోంచే. అది పోతే షాపూ పోతుంది. పోదులే, వడ్డీవ్యాపారి దగ్గర కొన్నాళ్ళు పెట్టి విడిపించేద్దాం, ఈలోగా జుట్టూ వస్తుంది అనుకున్నాడు.

అంటే అత్తగారు విన్నది తప్పు, పట్టుకున్నది ఒప్పు. అది ఆవిడకీ తెలీదు, అల్లుడికీ తెలీదు.

అప్పటినుంచి ఇంటి తీరు మారింది. మిషన్ చప్పుడుని మించి మాట్లాడే భార్య నోరు విప్పడం మానేసింది. అతను గదిలో అడుగు పెట్టగానే గుసగుసలు దారం తెంపినట్టు తెగిపోయేవి. మేకుకి వేలాడే షాపు తాళాలు మేకు మీద కనిపించలేదు. ఓ మధ్యాహ్నం బావమరిది దిగాడు. అతనిది తాళాల కొట్టు. పసిపిల్లాడి తలకాయంత తాళం తెచ్చి బల్లమీద ధన్‌మని పెట్టాడు.

"రోజులు బాగాలేవు బావా. షట్టరుకి ఇది వేద్దాం. చెవి అక్క దగ్గర ఉంటుంది."

"మరి నాకో చెవి?"

"నీకెందుకు బావా? నువ్వు అక్క వెంటే వస్తావు, అక్క వెంటే పోతావు." బావమరిది నవ్వాడు. ఆ నవ్వు మాస్టారి మెడ వెనక, ఇంకా వెంట్రుకలున్న చోట, చల్లగా పాకింది.

కుట్టుకుని బతికేవాడి మీద ఏదో కుట్ర జరుగుతోంది. మాస్టారికి ఒక్కటే తోచింది: బట్టతల వైద్యం గుట్టు బట్టబయలైంది. భోజనాల దగ్గర ఆ అనుమానం కాస్తా రూఢి అయిపోయింది.

"అల్లుడుగారూ," అంది అత్తగారు, "వెనకున్నవన్నీ తీసి ముందు పెట్టేస్తే, వెనక ఏం మిగులుతుంది?"

మాస్టారు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. "ముందు కళగా ఉంటే చాలదా అత్తయ్యా? వెనక ఎవరు చూస్తారు?"

"ఎవరు చూస్తారా? మా అమ్మాయి చూడదూ!"

"నాలుగు రోజులు చూస్తే అదే అలవాటు పడుతుంది."

"పోనీ, పోయినవి మళ్ళీ వస్తాయా?"

"తీసిన చోట మళ్ళీ రావండి. వాళ్ళు ముందే చెప్పారు."

భార్య కంచం వదిలేసి లేచి వెళ్ళిపోయింది. లోపలి గదిలో బీరువా తాళం రెండుసార్లు తిరిగిన చప్పుడైంది. జుట్టు కోసం బీరువాకి తాళమెందుకో మాస్టారికి బోధపడలేదు.

మర్నాడు అడ్వాన్సు కట్టడానికి వెళ్ళాడు. ఫర్నిచరు కొట్టు పైన, సన్నటి మెట్లెక్కితే క్లినిక్కు. గోడలనిండా నవ్వుతున్న మొహాలు, ఒత్తయిన జుట్లు. అన్నీ ముందునుంచి తీసిన ఫొటోలే. లోపల్నుంచి టోపీ పెట్టుకున్న మనిషొకడు వచ్చి, బూటు లేసు కట్టుకోవడానికి వంగాడు. టోపీ జారి కింద పడింది. నుదుటి మీద జుట్టు బ్రహ్మాండంగా ఉంది. వెనక తల మాత్రం పెట్టెలో మరిచిపోయిన ఉన్ని కోటుకి చిమ్మెటలు కొట్టినట్టు చిల్లులు చిల్లులుగా ఉంది. ఆ మనిషి గబుక్కున టోపీ తీసి పెట్టుకుని, మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు.

"ముందు మాత్రం బాగుంది కదండీ?" అన్నాడు. జవాబు వచ్చేదాకా చెయ్యి వదల్లేదు.

"బాగుందండి," అన్నాడు మాస్టారు.

లోపల ఏజెంటు కూర్చున్నాడు. నోరు తెరిస్తే ప్యాకేజీ అంటాడు కాబట్టి మాస్టారు అతనికి ప్యాకేజీ అనే పేరు పెట్టుకున్నాడు.

"డాక్టరుగారేరీ?"

"ఆపరేషన్ రోజు ఉంటారు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నేనున్నాగా."

"వెనకనుంచి తీసిన ఫొటో ఒక్కటి కూడా లేదేంటండీ?"

"వెనక ఎవరు చూస్తారు మాస్టారూ?"

తన మాటే. నిన్న అన్నం ముందు తను అన్న మాటే, పక్కవాడి నోట్లోంచి వచ్చింది.

"ముందు ముందు ఉన్నది కూడా రాలితే, నాటడానికి వెనక మిగలాలిగా?"

"మెగా ప్యాకేజీ కదా, ఉన్న స్టాకంతా ఒకేసారి వాడేస్తాం. రేటు తగ్గేది అందుకే."

వెనక భాగం గుడ్డ కోసి ముందు భాగానికి అతికే టైలరు ఎక్కడా ఉండడు. మాస్టారు లేచి వచ్చేయాల్సింది అప్పుడే. కానీ ప్యాకేజీ నీలం మార్కరు తీసి అతని నుదుటి మీద ఓ వంపు గీత గీశాడు. "జుట్టు ఇక్కణ్ణుంచి మొదలవుతుంది," అంటూ చేతి అద్దం అందించాడు. ఆ గీత కింది మొహం మాస్టారికి బాగా తెలుసు. పెళ్ళినాటి మొహం. అద్దం కింద పెట్టి అడ్వాన్సు కట్టాడు. 'కట్టిన డబ్బు తిరిగి ఇవ్వబడదు' అని గోడమీద రాసి ఉంది. ఆ అక్షరాలకి మాత్రం తలకట్లు ఒత్తుగా ఉన్నాయి.

మెట్లు దిగుతూనే వడ్డీవ్యాపారికి ఫోను చేశాడు. పొద్దున్నే మిషన్లకి వ్యాను పంపుతానన్నాడాయన. తాళంచెవి సంగతి అప్పుడు చూసుకోవచ్చులే అనుకున్నాడు మాస్టారు.

గీత తుడుచుకోవడం మరిచి ఇల్లు చేరాడు. గుమ్మంలోనే బావమరిది ఎదురయ్యాడు. నుదుటి వంక చాలాసేపు చూశాడు.

"గీత దాటేశావు బావా," అన్నాడు నెమ్మదిగా.

తలరాత పైనెవరో రాస్తారంటారు. తనది మార్కరుతో రాయించుకొచ్చానని మాస్టారికి అద్దంలో చూసుకుంటే గానీ తెలియలేదు. సబ్బుతో రుద్దినా పోలేదు.

పొద్దున్న టోపీ పెట్టుకుని ముందుగా షాపుకి బయల్దేరాడు. అప్పటికే అక్కడ అందరూ ఉన్నారు. షట్టరుకి ఆనుకుని స్టూలు మీద అత్తగారు. పక్కన చేతులు కట్టుకుని బావమరిది. తాళంచెవి గుప్పిట్లో బిగించి భార్య.

"మిషన్లు ఎవరి దగ్గర తాకట్టు పెడుతున్నారు?" అని అడిగింది.

మాస్టారు టోపీ ఇంకా కిందికి లాక్కున్నాడు. "ఎ... ఎవరన్నారు?"

"అమ్మ చెవులారా విన్నది. ట్రయల్ రూములో, ఫోనులో. తాకట్టు పెట్టించేద్దాం, వెనకున్నవన్నీ తీసి ముందు పెట్టేయండి అన్నారట!"

ట్రయల్ రూములోనా? వడ్డీవ్యాపారితో మాట్లాడింది నిన్న, క్లినిక్కు మెట్ల మీద. ట్రయల్ రూములో మాట్లాడింది ప్యాకేజీతో. సంగతి వెలిగేసరికి మాస్టారికి నవ్వు పొంగుకొచ్చింది. టోపీ తీసేశాడు. నీలం గీత ఎండలో మెరిసింది.

"తాకట్టు కాదు అత్తయ్యా, తలకట్టు! జుట్టు పెట్టించుకుంటున్నాను!"

"అయితే వెనకున్నవి అంటే?" అన్నాడు బావమరిది.

"జుట్టేరా!"

"మళ్ళీ రావన్నది?"

"అదీ జుట్టే!"

బావమరిది షట్టరు మీద దబదబా బాదుతూ నవ్వాడు. భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వుతూనే తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది. "ముందే చెప్పి చావచ్చుగా! ఎంత హడలిపోయానో."

తాళంచెవి అరచేతిలో వెచ్చగా ఉంది. ఒక్క ముక్క మాట్లాడకుండా షట్టరు ఎత్తితే చాలు. వీళ్ళు నవ్వుకుంటూ ఇంటికెళ్ళిపోతారు.

వెనక హారను మోగింది. వ్యానులోంచి డ్రైవరు తల బయటపెట్టి, వీధి చివరిదాకా వినపడేట్టు అరిచాడు. "మాస్టారూ! తాకట్టు సామాను ఎక్కడుందండీ?"

నవ్వులు ఆగిపోయాయి. అత్తగారు ఎడమచెవి అటు తిప్పింది.

"ఈసారి కూడా నేను తప్పే విన్నానా అల్లుడుగారూ?"

"లేదత్తయ్యా. ఆరోజు నేనన్నది తలకట్టే. మీకు తాకట్టని వినపడింది. కానీ తలకట్టుకి డబ్బు చాల్లేదు. అందుకని తాకట్టు. మీరు తప్పు విన్నారు, నేను తప్పు చేస్తున్నాను."

భార్య గొంతు పెంచలేదు.

"వెనక ఎవరు చూస్తారన్నారు కదూ? నా మిషన్ ఎక్కడుంది? మీ వెనక. ఇన్నేళ్ళుగా తల ఎత్తితే నాకు కనపడేదేంటి అనుకున్నారు?"

మాస్టారి జేబులో ఫోను మోగడం మొదలుపెట్టింది. ప్యాకేజీ. అతను తియ్యలేదు. అది ఆగలేదు. మోగుతుండగానే తాళంచెవి తీసి భార్య గుప్పిట్లో పెట్టి, గుప్పిట తనే మూశాడు.

డ్రైవరు దిగొచ్చి ఒక్కొక్కరి మొహమూ చూశాడు. "నాకేం అర్థం కావట్లేదు. తలకట్టంటారు, తాకట్టంటారు. ఇంతకీ ఏది?"

"ఒక్క అక్షరం తేడా నాయనా," అంది అత్తగారు స్టూలు మీంచి కదలకుండా. "'ల' ఉంటే తలకట్టు. 'ల' రాలిపోతే తాకట్టు. మా అల్లుడికి ఎప్పుడో రాలిపోయింది. నువ్వు ఖాళీ వ్యానే తోలుకెళ్ళు."