అత్త చేతికి దొరకని వీధి

ఇట్లా దగ్గరికి రా సరోజా, నా మోకాలికి ఆనుకుని కూర్చో. బళేపేటలో మా వీధిని బాగుచేసిన సంగతి నీకు చెప్పనేలేదు.

అప్పుడు యుద్ధం. సిపాయిల లారీలు మా సందుల్లోకి కూడా దూరేవి. అరుగులు వీధిలోకి పొడుచుకొచ్చి, మనుషులు, సైకిళ్లు, జట్కాలు అన్నీ ఒకే ఇరుకులో. ఒక పొద్దున గాజుల అంగడి ఓబళప్ప సైకిల్ మీద పోతూ లారీకీ అరుగుకీ నడుమ నలిగిపోయాడు. సాయంత్రానికి ప్రాణం పోయింది. అప్పుడొచ్చారు మునిసిపాలిటీ వాళ్లు. అరుగులు కొట్టేసి, నడిచేవాళ్లకు ఎత్తుగా బండలు పరుస్తాం, బండ్లు కింద పోతాయి అన్నారు.

మా అత్త కదిరమ్మకు చూపు లేదు. అరుగుల అంచు మీద ఎడమ చెయ్యి వేసుకుని, రోజూ ఒంటరిగా వీధి చివర అక్కయమ్మ ఇంటికి పోయేది. అక్కయమ్మ ఆమె చిన్ననాటి స్నేహితురాలు, కాళ్లు పడిపోయి మంచాన ఉండేది. ఎవరి అరుగు ఎక్కడ పెచ్చులూడిందో అత్త వేళ్లకు తెలుసు.

మీ తాత నసిగాడు. "అరుగు పోతే అమ్మ ఎట్ల పోతాదే?"

"నేనుండాను కదా. దినామూ చెయ్యి పట్టుకొని తీసుకపోతా" అన్నాను. నా మాట మీదే మా అరుగును అందరికంటే ముందు కొట్టేశారు.

వీధి బాగైంది, కాదనను. ఆ తర్వాత అక్కడ ఒక్క ప్రాణం పోలేదు. నేనూ ఒక పది రోజులు అత్తను తీసుకుపోయాను. తర్వాత రేషన్ అంగడి దగ్గర వరస, మీ నాన్నకు జ్వరం, ఏదో ఒకటి. "రేపు పోదాం అత్తా" అనేదాన్ని.

"నీ రేపటికంటే తిరుపతి దగ్గర పిల్లా" అని నవ్వేది.

ఒక మధ్యాహ్నం చెప్పకుండా తానే బయలుదేరింది. చెయ్యి చాపితే తెరిచిన అంగళ్లే, గోడ లేదు. బండల అంచు తెలియక కిందికి జారింది. జట్కావాడు కళ్లెం లాగి అరిచాడు. "కన్ను కనపడదా ముసలమ్మా?"

"కనపడదప్పా" అంది.

నేను పరుగెత్తాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "వీధిని యాడికి తీసుకపోయినారే?" అని అడిగింది.

మళ్లీ గడప దాటలేదు. నేను పిలిచినా "వద్దులే" అనేది. తొమ్మిదిళ్ల అవతల అక్కయమ్మ, కదిరి వచ్చిందా అని వచ్చినవాళ్లనల్లా అడిగేదట. ఆమె పోయిన కబురు నేనే చెప్పాను. అత్త నా వైపు చెయ్యి చాపింది. "ఇప్పుడన్నా తీసుకపోతావా?" అంది.

తీసుకుపోయాను. చల్లబడిన అక్కయమ్మ పాదాలను తడుముతూ కూర్చుంది.

గుర్తుపెట్టుకో సరోజా. ఆ బండల మీద నీ పిల్లల్ని నడిపించేటప్పుడు ఇది చెప్పు. వీధి మంచిదే, మా అవ్వే మాట నిలుపుకోలేదు అని చెప్పు. నా పేరు దాచకు.