రైట్ రైట్ అన్నందుకు

బాపట్ల నుంచి కర్లపాలెం మీదుగా రేపల్లె వెళ్ళే బస్సులో నేను చాలా ఏళ్ళు కండక్టరుగా చేశాను. ఆ ఉద్యోగానికి కావలసిన ఇంగ్లీషు రెండే మాటలు. బస్సు ఆగాలంటే 'హోల్డాన్', కదలాలంటే 'రైట్ రైట్'. ఈ రెండు మాటలతో జాంబియా వెళ్ళి, అక్కడి బడిపిల్లలకు ఆత్మపరిశీలన కూటం నడిపిస్తానని కలలో కూడా అనుకోలేదు.

మా అల్లుడు ఎజ్రా అక్కడ మిషన్ బడిలో లెక్కల మాస్టారు. ఎనభై తొమ్మిదిలో మా అమ్మాయికి పురుడు వచ్చింది. మనవడికి నీళ్ళు పొయ్యడానికి మా ఆవిడ జ్ఞానమ్మ వెళ్ళాలి. తనొక్కతే విమానం ఎక్కనంది. అలా నేనూ వెళ్ళాను. ఆ నీళ్ళు కాచి పెట్టడం నా పని.

అక్కడి హెడ్మాస్టరు ఫిరి గారు ఒకరోజు మీ మామగారు ఏం చేసేవారని అడిగారట. కండక్టరని చెప్పడానికి మావాడికి మొహమాటం. "రోజూ వందలమందిని గమ్యం చేర్చేవారండి" అన్నాడట. ఆయన నన్నేదో పెద్ద ప్రసంగీకుణ్ణి అనుకుని, ఆ ఏడు పిల్లల కూటం నా నెత్తిన పెట్టారు.

కిందటేడు ఆ కూటం ఎజ్రా చూసుకుంటే, పిల్లలు ప్రార్థన మధ్యలో లేచి ఫుట్‌బాల్ ఆటకు పోయారు. ఈసారి కూడా చెడితే అతని ఉద్యోగం పొడిగించడం కుదరదని హెడ్మాస్టరు ముందే చెప్పేశారు.

"ఆయనకి నిజం చెప్పెయ్యరాదా బాబూ?" అన్నాను.

"ఇప్పుడు చెబితే అబద్ధాలకోరునైపోతాను మావయ్యగారూ. ఒక్క అరగంట మాట్లాడండి చాలు. మీ మాటలు నేను ఇంగ్లీషులో చెబుతాను. తర్వాత పిల్లలు తలో చెట్టుకిందికి పోయి ఆలోచించుకుంటారు. అంతేనండి."

పొయ్యి దగ్గరనుంచి జ్ఞానమ్మ అందుకుంది. "చర్చిలో వాక్యం మధ్యలో గురకపెట్టే మనిషి ఆత్మపరిశీలన చెబుతాడంట. ఆ పిల్లలు ఏం పాపం చేశారో."

శనివారం పొద్దున బడి ఆవరణలో పిల్లలంతా పచ్చిక మీద కూర్చున్నారు. బడి అలవాటు కొద్దీ కాగితాలు, పెన్సిళ్ళు తెచ్చుకున్నారు. నాకు తెలిసింది బస్సు ఒక్కటే. అదే చెప్పాను. "బస్సెక్కిన ప్రతివాడూ పక్కవాడి మూట అడ్డమంటాడు. తన మూట ఎవరి కాళ్ళ మీద పెట్టాడో చూసుకోడు. ఇవాళ మీ మూట మీరు చూసుకోండి." ఎజ్రా ఇంగ్లీషులో చెప్పాడు. నాకంటే అతనే బాగా చెప్పినట్టున్నాడు, పిల్లలు నవ్వారు.

ఇంతలో వంటాయన పిలిస్తే ఎజ్రా వంటశాలకు వెళ్ళాడు. ఇక పిల్లలు చెట్లకిందికి వెళ్ళాలి. నేను చెయ్యి ఊపి "రైట్ రైట్" అన్నాను.

ఒక్కరూ లేవలేదు. అందరూ తలలు వంచి రాయడం మొదలుపెట్టారు.

వినపడలేదేమోనని గట్టిగా "రైట్, రైట్" అన్నాను. ఇంకా వేగంగా రాశారు. బస్సు రేకు మీద కొట్టినట్టు పక్కనున్న బల్ల మీద దబదబా కొట్టి మళ్ళీ అన్నాను. ముందు వరసలో ఒక పిల్ల పెన్సిలు మొన విరిగి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

ఎజ్రా తిరిగొచ్చి చూశాడు. "ఏంటి మావయ్యగారూ, ఇంత రాయిస్తున్నారు?"

"నేనెక్కడ రాయించాను? వెళ్ళమంటున్నాను."

"ఏమని అన్నారండి?"

చెప్పాను. అతను చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడు. నవ్వు ఆగాక చెప్పాడు, ఇంగ్లీషులో రాయండి అనాలన్నా అదే మాటట.

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు వచ్చారు. ఈగ వాలితే వినపడేంత నిశ్శబ్దం చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ కాగితాలన్నీ పోగుచేసి ఇమ్మన్నారు, తాను చదువుతారట.

"ఇచ్చేద్దామండి, గట్టెక్కాం" అన్నాడు ఎజ్రా నా చెవిలో.

పెన్సిళ్ళన్నీ ఆగిపోయాయి. పెన్సిలు విరిగిన ఆ పిల్ల తన కాగితాన్ని కిందేసుకుని దాని మీద కూర్చుంది. ఆ ముఖం నేను బస్సులో చాలాసార్లు చూశాను. టికెట్ ఉండీ చెకింగు వాళ్ళను చూసి వణికే మనిషి ముఖం.

"బాబూ, హెడ్మాస్టరు గారికి చెప్పు. టికెట్ బస్సెక్కినవాళ్ళ దగ్గరే ఉండాలి. కండక్టరు వెనక్కి తీసుకోకూడదు. చెకింగు చేసేవాడు వేరే ఉన్నాడు" అని పైకి చూపించాను. "ఇన్నేళ్ళు కండక్టరుగా చేశాను, నాకు తెలుసని చెప్పు."

"కండక్టరన్న మాట కూడా చెప్పాలాండి?"

"అదీ చెప్పు."

ఎజ్రా చెమటలు కక్కుకుంటూ చెప్పాడు. హెడ్మాస్టరు నన్ను కిందినుంచి పైదాకా చూశారు. తర్వాత ఎజ్రాతో మెల్లగా ఏదో అన్నారు.

"ఏమంటున్నారు? ఉద్యోగం పోయిందా?"

"కాదండి. తనకూ ఒక టికెట్ కావాలంటున్నారు."

హెడ్మాస్టరు కాగితం పుచ్చుకుని మామిడిచెట్టు కింద కూర్చున్నారు. ఎవరి కాగితాలు వాళ్ళకే అని తెలిశాక పిల్లలూ మళ్ళీ మొదలుపెట్టారు. అందరికంటే ఎక్కువ రాసింది ఆయనే. వంట చల్లారిపోతోంది. ఆయన్ని పిలిచే ధైర్యం ఎవరికీ లేదు.

"మీరే పిలవండి మావయ్యగారూ."

"రైట్ అంటే ఇంకో కాగితం తీసుకుంటారు బాబూ."

అప్పుడు నాకు రెండో మాట గుర్తొచ్చింది. గుండెల నిండా గాలి పీల్చి "హోల్డాన్" అని కేకేశాను. పెన్సిళ్ళన్నీ ఠక్కున ఆగాయి. హెడ్మాస్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బుద్ధిగా వచ్చి భోజనం వరసలో పిల్లల వెనక నిలబడ్డారు.

ఆ కాగితంలో మావాడి పేరుందో లేదో తెలీదు గానీ, సోమవారం పిలిచి ఉద్యోగం పొడిగించారు.

రేపల్లె తిరిగొచ్చాక చర్చిలో ఈ సంగతి సాక్ష్యంగా చెప్పాను. మా పౌలు అయ్యగారు కళ్ళు మూసుకుని, "ఆ మాట మీది కాదు బర్నబాసు గారూ. దేవుని ఆత్మే మీ నోట పలికింది" అన్నారు.

నాకూ అలా నమ్మాలనే ఉంది. కానీ ఒక్క సందేహం. "ఆత్మ పలికింది ఏ రైట్ అండీ అయ్యగారూ? వెళ్ళమనా, రాయమనా?" అని అడిగాను.

ఆలోచించి చెబుతానన్నారు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.