లోపలి మేస్త్రీ

"డబ్బా కనపడకూడదు, వినపడకూడదు. పని మాత్రం చెయ్యాలి," అన్నాడు బసవేశ్వరరావు.

తెర వెనక టీ వడపోస్తున్న షాహీనాకు నవ్వొచ్చింది. అటువంటిది ఈ షాపులో ఇప్పటికే ఒకటుంది.

ఆయనది కర్లపాలెం. రొయ్యల చెరువుల మీద నిలదొక్కుకుని కొత్త ఇల్లు కట్టాడు. మేడ మీద ఒక గది సినిమాలకే వదిలాడు. గోడకు పెద్ద టీవీ పెట్టించాడు. దాని కింద అరలో ఒదిగే సన్నటి కంప్యూటరు కావాలి. తెనాలిలో వాజిద్ షాపులో మంచి మేస్త్రీ ఉన్నాడని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చాడు.

వాజిద్ కౌంటరు మీద రెండుసార్లు తట్టాడు.

"ఒక్క నిమిషమండి. మా లోపలి మేస్త్రీని కనుక్కుంటా."

షాహీనా టీ గిన్నె దించి, చెయ్యి తుడుచుకుని, ఖాళీ పెట్టె నుంచి అట్టముక్క చించింది. రాయడం మొదలుపెడితే ఆమెకు టీ చల్లారడం తెలియదు. ఆటలాడే పిల్లలకైతే బలమైన భాగాలు వెతకాలి. ఈయనకు బలం అక్కర్లేదు, నిదానం కావాలి. బొమ్మ చూపించే శక్తి తనలోనే ఉన్న ప్రాసెసర్ చాలు, విడిగా గ్రాఫిక్స్ కార్డు వద్దు. కార్డు లేకపోతే వేడి తక్కువ. వేడి తక్కువైతే ఫ్యాను మెల్లగా తిరుగుతుంది. మెల్లగా తిరిగితే సినిమాలో మనిషి నిట్టూర్చినా వినపడుతుంది. సినిమాలు దాచే పెద్ద డిస్కు గరగరమంటుంది కాబట్టి దాన్ని కింద గదిలో పెట్టి, తీగ మేడ మీదికి లాగాలి. ఒకటి కుదిరితే దాని వెనక ఇంకోటి కుదురుతూ వస్తుంది. రోజు మొత్తంలో ఆమె మాటకు ఎవరూ అడ్డు రాని చోటు ఆ అట్టముక్క ఒక్కటే. ‘కార్డు వద్దు’ అన్న మాట కింద రెండు గీతలు గీసి, తెర కింద నుంచి జరిపింది.

"మేస్త్రీ ఇట్టా అంటున్నాడండి," అని వాజిద్ చదివాడు.

"బుర్రున్నోడే! ఏదీ, ఒకసారి పిలవండి. మాట్లాడదాం."

"అతనికి నత్తి అండి. మనుషుల్లోకి రాడు."

నత్తి కొత్తగా వచ్చి చేరింది. పోయినేడు వాజిద్ మాటల్లో మేస్త్రీది ఒంగోలు. అంతకుముందు కాస్త చెవుడు. బాపట్ల నుంచి వచ్చే ఒకాయన మేస్త్రీకి పెళ్లయిందా అని ఆరా తీసి, తమ వీధిలో మంచి సంబంధం ఉందని కూడా చెప్పిపోయాడు. ఆ మధ్యాహ్నం అన్నం తింటూ వాజిద్ ఆ సంగతి చెప్పి పొలమారేలా నవ్వాడు. షాహీనా మంచినీళ్ల గ్లాసు అందించింది. ఆమె కూడా నవ్వింది. నవ్వినందుకు సాయంత్రం దాకా తన మీద తనకే చిరాకుగా ఉంది.

రేపల్లెలో పుట్టింటి దగ్గర పాలిటెక్నిక్ చదివింది. పెళ్లయ్యేనాటికి వాజిద్ ఫోన్లకు రీచార్జి చేసేవాడు. కంప్యూటర్లు బాగుచేద్దామన్నది ఆమె. తెర కట్టించింది అత్త ఫాతిమా. "స్క్రూడ్రైవరు పట్టుకుని నువ్వు ముందు కూర్చుంటే మావాడికి చేతకాదనుకోరూ? మొగాడు మాట్లాడాలి, ఆడది పని చెయ్యాలి. ఇంట్లో జరిగేదేగా, షాపులో కొత్తేముంది?" అంది. ఆవిడ మాటలో వెటకారం లేదు, తెలిసింది చెప్పింది. తెల్లవారుజామున లేచి నీళ్లు పట్టి, వండి, క్యారేజీ కట్టి, బట్టలు ఆరేసి, వెనక సందులోంచి షాపుకొచ్చి కూర్చుంటే షాహీనాకు నిజంగా ఆ తెర చల్లగానే ఉండేది. ఎవరూ చూడరు. కొంగు సర్దుకోనక్కర్లేదు. అలా తొమ్మిదేళ్లు గడిచాయి. ఈమధ్యే ఎందుకో ఆ తెర కదిలితే చాలు, చేతిలో పని ఆపి తలెత్తి అటు చూస్తోంది.

భాగాలన్నీ వచ్చిన రోజు వాజిద్ ఇంకో చిన్న పెట్టె కూడా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆరు నెలలుగా అమ్ముడుపోని గ్రాఫిక్స్ కార్డు.

"దీన్ని కూడా ఎక్కించెయ్."

"వద్దండి. ఆ సన్నటి పెట్టెలో గాలాడదు. వేడెక్కి ఫ్యాను అరుస్తుంది."

"నీకన్నీ అనుమానాలే. ఆయనేమన్నా మూత తీసి చూస్తాడా ఏంటి?"

"అట్ట మీద వద్దని రాశాగా. గీత కూడా గీశా."

"రాసేది నువ్వైతే చదివేది నేను. ఆ మాట ఆయనకి చదవలేదులే, నువ్వు టీ గొడవలో ఉన్నావు."

అంటే ఈ కార్డు అంటగట్టాలని ఆ రోజే అనుకున్నాడన్నమాట. షాహీనా ఆ చిన్న పెట్టె విప్పింది. కార్డు ఎక్కించింది, మూత బిగించింది. ఆ తర్వాత పది రోజులు ఆమెకు ఎక్కడా నిలకడ లేదు. ఇంట్లో మిక్సీ ఆపినా చెవిలో ఏదో తిరుగుతూనే ఉంది. పోపు మాడింది. ఉప్పు రెండుసార్లు పడింది. "ధ్యాస ఎక్కడ పెట్టావే?" అంది అత్త. కర్లపాలెంలో, మేడ మీద గదిలో అనాలి. ఏం చెబుతుంది? వాజిద్‌కి లేని బాధ నీకెందుకంటారు. నిజమే, ఆ పెట్టె మీద ఆమె పేరేం లేదు. అయినా మంచి పని ఎలా ఉంటుందో తెలిసిన చేతులు చెడ్డ పని చేశాయి. ఆ చేతులతోనే అన్నం కలుపుకోవాలి.

పదకొండో రోజు బసవేశ్వరరావు ఆటో దిగాడు. పెట్టెను తువ్వాల్లో చుట్టి తెచ్చాడు.

"ఏమయ్యా వాజిద్, వాన సినిమాలో పడుతుందా, పెట్టెలో పడుతుందా అని మా ఆవిడ అడుగుతోంది. పక్కనున్న మనిషి మాట కూడా వినపడట్లా."

"ఇట్టా ఇవ్వండి సార్, చూద్దాం," అంటూ వాజిద్ పెట్టెను తెర కింద నుంచి లోపలికి తోశాడు. షాహీనా అప్పటికే స్క్రూడ్రైవరు పట్టుకుని ఉంది. మూత తీసింది. కార్డు ఇంకా వెచ్చగా ఉన్నట్టే అనిపించింది. దాన్ని తీసేస్తే చాలు, పది నిమిషాల పని. తీసేస్తే రాత్రికి నిద్ర పడుతుంది. ఒక స్క్రూ విప్పింది.

బయట బసవేశ్వరరావు అడుగుతున్నాడు. "మా బావమరిది కొడుకు మూత తీసి చూశాడు. ఇందులో అక్కర్లేని కార్డొకటి ఉందంట. ఎవరు పెట్టారయ్యా?"

వాజిద్ తడుముకోలేదు. "ఆ మేస్త్రీ వెధవే సార్. తాగుడు ఎక్కువైంది. చెప్పిన మాట వినడు. మొన్ననే తీసి అవతల పారేశా."

"అయ్యో. నత్తి మనిషి, ఎక్కడికి పోయాడో."

"పోనీండి సార్, అట్టాంటోళ్లకు జాలేంటి? నేనే బాగుచేసిస్తా, కూర్చోండి."

తెర తొలగింది. వాజిద్ లోపలికొచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. "విన్నావుగా. ఆ కార్డు పీకెయ్, త్వరగా."

షాహీనా లేచింది. స్క్రూడ్రైవరును అతని అరచేతిలో పెట్టి, వేళ్లు ముడిచింది.

"మేస్త్రీని తీసేశారు కదండీ. మీరే చేస్తానన్నారు."

"ఏంటే, వేళాకోళమా? ఆయన కూర్చున్నాడు అక్కడ!"

ఆమె అతని పక్కగా తెర దాటి ముందుకొచ్చింది. షాపు ఇటు నుంచి ఇంత వెలుతురుగా ఉంటుందని ఆమెకు తెలియదు. బసవేశ్వరరావు కుర్చీలోంచి సగం లేచాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"మొన్న తీసేసిన మేస్త్రీనండి. నాకు నత్తి లేదు, తాగుడు లేదు. ఆ కార్డు పెట్టింది మాత్రం నేనే. పెట్టకూడదని తెలిసే పెట్టాను. తప్పు నాది."

ఆయన ఆమె వంకా తెర వంకా మార్చి మార్చి చూశాడు. లోపల వాజిద్ చేతిలోంచి ఏదో జారి, నేల మీద దొర్లిన చప్పుడైంది. షాహీనా వెనక్కి చూడలేదు, షాపు మెట్లు దిగింది.

"ఉండమ్మా! మరి నా పెట్టె ఎవరు చూస్తారు?"

"నేనే చూస్తానండి. ఎక్కడ కూర్చుని చూస్తానో ఇంకా తేల్చుకోలేదు. తేలాక నేనే ఫోన్ చేస్తాను."