వెనక సీటు

కారు కావాలన్నది కనకమ్మ. దానికి పోసేది కనకమ్మ కువైట్ సంపాదన. అందులో హైదరాబాదు దాకా కూర్చోవలసింది కనకమ్మ నడుము. మరి కారు చూడ్డానికి వెళ్లిందెవరయ్యా అంటే ఆమె మొగుడు జగ్గారావు, బావగారు నూకయ్య, బ్రోకరు సాయిబాబు. కనకమ్మను ఇంట్లో ఉండి పసుపూ కుంకుమా సిద్ధం చేసుకోమన్నారు.

ఇదేం చోద్యమని మీకనిపించవచ్చు. అమలాపురం చుట్టుపక్కల ఇది చోద్యం కాదు, పద్ధతి. బండి చూసేది మగాళ్లు, బండికి బొట్టు పెట్టేది ఆడవాళ్లు. ఈ పద్ధతి పెట్టినవాడెవడో గాని, వాడు ఏనాడూ వెనక సీట్లో కూర్చుని ఉండడు.

కనకమ్మ పద్నాలుగేళ్లు కువైట్‌లో ఒకే ఇంట్లో పనిచేసింది. ఆ ఇంటి పిల్లల్ని చంకనేసుకుని పెంచింది. ఆ ఇంటి ముసలావిడను మంచం మీంచి లేపింది, పడుకోబెట్టింది, మళ్లీ లేపింది. ఆ లేపడాల్లోనే నడుము పోయింది. ఇక్కడ తన ఒక్కగానొక్క కూతురు సత్యదుర్గ పెద్దమనిషయిన రోజున ఆమె లేదు. పెళ్లికి సెలవివ్వలేదు. అక్కడి వంటింట్లో గిన్నెల మధ్య ఫోను నిలబెట్టుకుని తాళి కట్టడం చూసింది. తలంబ్రాల వేళకు సిగ్నలు పోయింది. పుట్టింట్లో జరగాల్సిన తొలికాన్పు కూడా హైదరాబాదులో అత్తవారింట్లోనే జరిగిపోయింది. పుట్టింట్లో అమ్మ ఉంటే కదా.

పోయిన నెల వచ్చేసింది, ఇక వెళ్లేది లేదని. మనవరాలికి మూడో నెలలో బారసాల పెట్టుకున్నారు. ఇంకా వారం ఉంది. బస్సు ప్రయాణం చేశారంటే మళ్లీ మంచం ఎక్కుతారని డాక్టరు గట్టిగానే చెప్పాడు. రైలెక్కాలంటే రాజమండ్రి దాకా పోయి, ఆ మెట్లన్నీ ఎక్కి దిగాలి. అందుకే కారు. కొత్తది కొనే తాహతు లేదు గనక పాతదే, కాని మెత్తగా కూర్చుని వెళ్లే కారు. ఆమె అడిగింది అంతే. రంగు అడగలేదు, ఎత్తు అడగలేదు.

నిజానికి అలాంటి బండి ఒకటి మొదటి రోజే దొరికింది. డాక్టరు దగ్గర్నుంచి వస్తూ కొత్తపేటలో ఆగి చూశారు. బూడిదరంగు బండి, నేలబారుగా ఉంటుంది, ఏదో కంపెనీ ఆఫీసరును విశాఖపట్నానికీ విజయవాడకూ మధ్య తిప్పి తిప్పి అరిగింది. మగాళ్లు బానెట్ ఎత్తి లోపలికి తొంగి చూస్తూ మాట్లాడుకుంటుంటే, నిలబడలేక కనకమ్మ వెనక సీట్లో కూలబడింది. కూలబడి, నిద్రపోయింది. వాళ్లు వచ్చి లేపేదాకా నడుము సంగతే ఆమెకు గుర్తు రాలేదు. కువైట్ నుంచి వచ్చాక అదే మొదటిసారి.

ఆ బండి వద్దన్నారు. బోలెడు తిరిగేసిందన్నారు. నెంబరు కలిపితే ఎనిమిది వస్తోందన్నారు. అన్నిటికన్నా పెద్ద దోషం నూకయ్య కనిపెట్టాడు: అంత పొట్టి బండి వీధిలోకి వస్తే ఎవరికీ కనపడదట. నూకయ్య మాటంటే ఆ ఇంట్లో శాసనం. ముప్పై ఏళ్లు అద్దె జీపు నడిపినవాడు. అమలాపురం, ముక్తేశ్వరం, రాజోలు, మళ్లీ అమలాపురం. రావులపాలెం సెంటరు దాటి ఏనాడూ స్టీరింగు పట్టలేదన్న సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ తర్వాత సాయిబాబు అసలు సరుకు బయటికి తీశాడు. దుబాయిలో ఉన్నాయన బండి. ముక్తేశ్వరం దగ్గర కొబ్బరితోటలో రేకుల షెడ్డు కింద మూడేళ్లుగా కవరు కప్పుకుని నిలబడి ఉంది. మా వైపు పాత బండ్ల బేరంలో దీన్ని మించిన మాట లేదు. గల్ఫాయన బండండి, తిరగలేదు అంటే చాలు, కొనేవాడి కళ్లు మెరుస్తాయి. తెల్లగా ఉంది, ఎత్తుగా ఉంది, నెంబరు కలిపితే తొమ్మిది. ముగ్గురూ ఎక్కి కాలవగట్టు మీద ఆటో వెళ్లే వేగంతో అటూ ఇటూ తిప్పి, అక్కడికక్కడే కొంత సొమ్ము బజానాగా ఇచ్చి వచ్చేశారు.

ఇంటికొచ్చి నూకయ్య చెప్పిన వర్ణన వినాలి. “ఉయ్యాల అనుకో అమ్మాయ్. డాష్‌బోర్డు మీద గ్లాసుతో నీళ్లు పెట్టేం. చుక్క తొణికితే ఒట్టు.”

వెనకాల ఎవరు కూర్చున్నారని కనకమ్మ అడిగింది. డ్రైవింగులో నూకయ్య, పక్కన జగ్గారావు. సాయిబాబు ఆ ఇద్దరి మధ్యకు తలపెట్టి సీటు అంచున వేలాడుతూ బండి గుణగణాలు చెప్పాడు. వెనక సీట్లో కుదురుగా కూర్చున్నవి ఆ పాత కవరూ, జాకీ.

పోనీ హైవే ఎక్కించారా అని అడిగింది. నూకయ్య చిన్నపిల్లను చూసినట్టు చూసి నవ్వాడు. మంచి రోడ్డు మీద ఏ బండైనా బాగానే పోతుందట, బండి సంగతి గోతుల్లోనే తేలుతుందట. ఆ మాటకు జగ్గారావు కూడా తలూపాడు. కొబ్బరికాయల ట్రాలీ ఆటో నడుపుకునే మనిషి, పుట్టి బుద్ధెరిగాక బండిలో వెనక కూర్చుని ఎరగడు. ఆ రాత్రి కనకమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆ ముసలావిడకు పరుపు కొనేటప్పుడు కూడా కువైటు వాళ్లు ముసలావిడను దాని మీద పడుకోబెట్టి చూశారు. తన సొమ్ముతో కొనే సీటు మీద మాత్రం జాకీని కూర్చోబెట్టి చూశారు తన వాళ్లు.

మర్నాడు ఐనవిల్లి వినాయకుడి దగ్గర పూజ. ఏ బండి కొన్నా అక్కడికి తీసుకెళ్లి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించి, అప్పుడు రోడ్డెక్కించాలి. మిగతా సొమ్ము ముట్టేదీ, కాగితాల మీద సంతకాలయ్యేదీ ఆ తర్వాతే. కనకమ్మ ఆటోలో పళ్లెం పట్టుకుని వచ్చేసరికి బండికి బంతిపూల దండ వేసి ఉంది. పంతులుగారు ముందున్న మోటారుసైకిళ్లకు పూజ చేస్తున్నారు.

కనకమ్మ పళ్లెం బానెట్ మీద పెట్టింది. నిమ్మకాయలు నాలుగూ తీసి కొంగున ముడేసింది. వెనక తలుపు తీసి, కవరునూ జాకీనీ కింద పడేసి, ఎక్కి కూర్చుని తలుపు వేసుకుంది.

మగాళ్లకు ముందు అర్థం కాలేదు. నూకయ్య వచ్చి, పంతులుగారు వస్తున్నారు దిగమ్మా అన్నాడు. ఆమె దిగలేదు. రావులపాలెం పోనివ్వండి, హైవే ఎక్కించి తణుకు దాకా వెళ్లి వద్దాం అంది.

సాయిబాబు కిటికీ దగ్గరికి వంగాడు. “నిమ్మకాయలు తొక్కించకుండా పొలిమేర దాటించకూడదండి. మంచిది కాదండి.”

“తోటలోంచి ఇక్కడి దాకా ఏం తొక్కించి తెచ్చేరండి?”

జగ్గారావు గుడి ముందు జనాన్ని చూసి సిగ్గుపడి, నలుగురిలో ఈ పంతమేమిటే, ఆ కాయలిలా ఇయ్యి అని చెయ్యి చాచాడు. కనకమ్మ కొంగు గుప్పిట్లో బిగించింది. గొంతు పెంచలేదు.

“నా కూతురి పెళ్లి ఫోన్లో చూసేను. పురుడు ఫోన్లో విన్నాను. ఇప్పుడు మనవరాలి బారసాల కూడా ఫోన్లోనే చూడమంటారా? ఈ బండి నన్ను అక్కడికి చేరుస్తుందో, మంచాన పడేస్తుందో నాకు తెలియాలి. అందాకా కాయలివ్వను.”

నిమ్మకాయలు లేకపోతే పూజ లేదు. పూజ లేకపోతే బేరం లేదు. కాయలు బయట కొట్లో దొరుకుతాయి గాని, మిగతా సొమ్ము ఇచ్చేది ఆమే. నూకయ్య గొణుక్కుంటూ పళ్లెం తీసి సాయిబాబు చేతిలో పెట్టి స్టీరింగు ముందు కూర్చున్నాడు, జగ్గారావు పక్కనెక్కాడు. రమ్మంటే సాయిబాబు మాత్రం, ఆయ్, మీరెళ్లి రండి, నేనిక్కడ టీ తాగుతుంటానండి అని రెండడుగులు వెనక్కి వేశాడు. తను అమ్మే బండిలో హైవే ఎక్కడానికి బ్రోకరుకే మనసొప్పలేదంటే ఇక చెప్పేదేముంది.

కొత్తపేట దాటి రావులపాలెం దాకా బండి నిజంగా బాగానే వచ్చింది. గోతులు పెద్దగా తెలియలేదు. ఒకటి రెండుసార్లు కనకమ్మకే అనుమానం వచ్చింది, ఊరికే రచ్చ చేశానేమోనని. నూకయ్య అద్దంలోంచి చూస్తూ, ఎలా ఉందమ్మాయ్ అన్నట్టు కళ్లెగరేశాడు.

సిద్ధాంతం వంతెన దాటి వేగం అందుకున్నాక మొదలైంది. మొదట సీటు అడుగున సన్నగా రొద. తర్వాత పిండిమర బల్ల మీద కూర్చున్నట్టు ఒకటే అదురు. ఆ అదురు తుంటి దగ్గర మొదలై వెన్ను మీదుగా మెడ దాకా ఎక్కింది. ఎత్తు బండి గదా, వెనక సీటు వీపు నిటారుగా గోడలా ఉంది. ఒరుగుదామంటే లేదు, ముడుచుకుందామంటే లేదు. కనకమ్మ పళ్లు బిగపట్టి మైలురాళ్లు చూసింది. తణుకు ఇంకా రాలేదు. దాని తర్వాత గూడెం, ఏలూరు, బెజవాడ, ఆ తర్వాత హైదరాబాదుకు ఇంకా సగం దారి. కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికి కొంత, కోపానికి చాలా.

ఆపమంది. నూకయ్య పక్కకు తీసి ఆపాడు. కనకమ్మ తలుపు పట్టుకుని దిగి, ముందు తలుపు తీసి, మొగుడితో మీరు వెనకాల కూర్చోండి అంది. ఆమె మొహం చూసి జగ్గారావు వెనక్కి మారాడు.

ముందు సీట్లో కూర్చుని, బండి మళ్లీ వేగమందుకున్నాక కనకమ్మకు అసలు సంగతి తెలిసింది. ఇక్కడ ఆ రొద లేదు, ఆ అదురు లేదు. నూకయ్య చెప్పినట్టు ఉయ్యాలే. గ్లాసు పెడితే నీళ్లు తొణకవు. అంటే వాళ్లు అబద్ధం చెప్పలేదు. అదే ఆమెను ఎక్కువ మండించింది. అబద్ధమాడి ఉంటే తిట్టిపోసేది. వాళ్లకు తను కూర్చునే చోటు ఒకటుందన్న ఊహే రాలేదు. ఊహ రానివాణ్ణి ఏమని తిడతారు?

తణుకు దగ్గర వెనక్కి తిప్పారు. జగ్గారావు మొదట్లో బాగానే ఉందే అన్నాడు. కాసేపటికి సీటు మీద అటూ ఇటూ జరిగాడు. ఆ తర్వాత పైనున్న పిడి పట్టుకున్నాడు. చివరికి, అన్నయ్యా కాస్త మెల్లగా పోనీ అన్నాడు.

“ఏం కాదురా, నాలుగు రోజులైతే అలవాటవుద్ది.”

“నువ్విక్కడ కూర్చుని చెప్పు అన్నయ్యా.”

వంతెన ఇవతల సోడాబండి కనబడితే ఆపించాడు జగ్గారావు. నడుము మీద చెయ్యేసుకుని దిగాడు. వెనక టైరు దగ్గర గొంతుకూర్చుని చేత్తో తడిమాడు. ముందు టైర్లు మార్చినవి, వెనకవి మాత్రం పాతవే. మూడేళ్లు ఒకే చోట నిలబడిన టైరు, నేలకు ఆనిన వైపు చదునైపోయి రాయిలా బిగుసుకుంది. నెమ్మదిగా పోతే తెలియదు, వేగమెక్కితే తంతుంది. తిరగని బండి అన్న గొప్ప అదన్న మాట. టైర్లు మారిస్తే పోద్దిలే అన్నాడు నూకయ్య. సీటు గోడ కూడా మారుస్తారా బావగారూ అంది కనకమ్మ. ఆయన సోడాబండి వైపు నడిచాడు.

ఆమె కొంగు ముడి విప్పింది. మూడు నిమ్మకాయలు తీసి సోడాబండి ఆవిడ చేతిలో పెట్టి, ఉప్పేసి మూడు సోడాలు కొట్టమంది. నాలుగోది మళ్లీ ముడేసుకుంది.

“కొత్తపేటలో ఆ పొట్టి బండి ఉంది. అది చూద్దాం,” అంది గ్లాసు అందుకుంటూ.

“దాని నెంబరు ఎనిమిదమ్మాయ్.”

“ఎనిమిదైతే ఎనిమిది. నాకు నడుం ఒక్కటే ఉంది బావగారూ.”

అంతలో ఫోను మోగింది. సాయిబాబు. పంతులుగారు తొందరపడుతున్నారట, వేళ దాటిపోతోందట, నిమ్మకాయలు ఎక్కడిదాకా వచ్చాయని అడుగుతున్నారట. జగ్గారావు చేతిలో గ్లాసు వంక చూసి, భార్య వంక చూశాడు.

“కాయలు తాగేసేమండి సాయిబాబుగారూ,” అన్నాడు.

అవతల సాయిబాబు బజానా గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆయ్, ఆయ్ అంటూ అంతా విని, ఆ బూడిదరంగు బండి ఇంకా ఉందేమో కనుక్కోమన్నాడు జగ్గారావు. రేపు పొద్దున్నే దాన్ని తణుకు దాకా తిప్పి చూస్తామన్నాడు. ముగ్గురం వెనకాల మార్చి మార్చి కూర్చుంటామన్నాడు.

తిరిగి బయల్దేరేటప్పుడు కనకమ్మ ఏ సీటు వైపు వెళ్లాలా అని ఆగింది. జగ్గారావు ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె ఎక్కాక తలుపు వేసి, తను వెళ్లి వెనక కూర్చున్నాడు. ఐనవిల్లి ఎంత దూరమో ఆ పూట అతనికి బాగా తెలిసొచ్చింది.