చెత్త అని పేరు పెట్టిన ఫోల్డరు

మూడు రోజులుగా ఎంబ్రాయిడరీ మిషన్లు మూలన పడ్డాయి. ఇరవై ఏళ్లుగా కూడబెట్టిన డిజైన్లన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి. ఎవడో దౌర్భాగ్యుడు ఎక్కడినుంచో వాటికి తాళం వేశాడు. తెరమీద ఒకటే బెదిరింపు: అడిగినంత క్రిప్టో కరెన్సీలో పంపితే తాళం తీసే సంకేతం ఇస్తాం, లేదంటే మూడో రోజు సాయంత్రం అయిదింటికి అన్నీ చెరిపేస్తాం.

అక్క ఆ వర్క్‌షాపు యజమాని. అక్కడ పనిచేసే ఆడవాళ్లందరికీ కూడా ఆవిడ అక్కే. మొదటి రోజు ఏడ్చింది, రెండో రోజు తిట్టిపోసింది, మూడో రోజు తమ్ముడి మాట విన్నది. కంప్యూటర్ కొనిపెట్టిందీ, పాడైతే బాగుచేసేదీ వాడే. అమ్మ పోయాక ఆవిడ చేతుల్లో పెరిగినవాడు. వాడంటే ఆవిడకు ప్రాణం.

"పోలీసులకి చెబుదాంరా."

"లాభం లేదక్కా. క్రిప్టో ఎవడి చేతికి పోయిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అందుకేగా ఈ వెధవలంతా అదే అడిగేది! పంపించెయ్, పీడా పోతుంది."

వాడే ఆవిడ ఫోన్లో ఖాతా తెరిచాడు. క్రిప్టో కొనిపించాడు. అవతలివాళ్ల పొడుగాటి చిరునామా అతికించాడు. ఇక ఆవిడ వేలు నొక్కడమే తరువాయి.

మనసొప్పక ఆవిడ ఆఖరిసారిగా కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో ఫోల్డరూ తెరవబోయింది. అన్నిటికీ తాళమే. అడుగున "చెత్త" అని ఉన్నది మాత్రం చటుక్కున తెరుచుకుంది. అమ్మ పెన్సిలుతో గీసిన పూలు! పనివాళ్లు వేలు పెట్టకుండా ఆవిడే దానికి ఆ పేరు పెట్టింది. ఆ సంగతి ఇంకొక్కడికే తెలుసు.

ఎక్కడో ఉన్న దొంగకు చెత్త మీద అంత ప్రేమేమిటి? ఆవిడ మెల్లగా వెనక్కి తిరిగింది.

"అమ్మ పూలు ఎందుకు వదిలేశావురా?"

తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. బుకాయిస్తాడనుకుంది. బుకాయిస్తే బాగుండుననీ అనుకుంది.

"క్రిప్టోలో పెట్టి నిండా మునిగిపోయానక్కా. ఆన్‌లైన్‌లో ఒకడు ఈ దారి చూపించాడు. అన్నిటికీ తాళం వేశాను గానీ... అమ్మవి పోతే నువ్వు తట్టుకోలేవని..."

"ఇది తట్టుకుంటాననుకున్నావా?"

వాడు వంగి, ఏ కాగితమూ చూడకుండా సంకేతం కొట్టాడు. డిజైన్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మూడు రోజులు వాటికోసం అల్లాడిన అక్క ఒక్కసారి కూడా తెర వంక చూడలేదు.