తిండి మానిన మున్నీ

కొత్తకోటలో పిల్లిని ఎవరూ పెంచరు. అదే వస్తుంది, పాలు తాగుతుంది, అదే పోతుంది. అట్లాంటిది, కరెంటు ఆఫీసులో గుమస్తాగా పెద్దమనిషి అనిపించుకున్న బెంజమిన్ పనిగట్టుకొని హైదరాబాదు పోయి, దిక్కులేని పిల్లులను సాకే షెల్టర్‌లో సంతకం పెట్టి మరీ మున్నీ అనే పిల్లిని తెచ్చుకున్నాడు. ఫోన్‌లో వీడియోలు తెగ చూశాడు కాబట్టి తనకు అంతా తెలుసుననుకున్నాడు. దువ్వెన కొన్నాడు, మెత్తటి పరుపు కొన్నాడు. ఇంటికి రాగానే మున్నీ బుట్టలోంచి దూకి నేరుగా బీరువా కిందికి దూరింది. ఆ పరుపు మీద బెంజమినే కూర్చొని, బీరువా కిందికి వంగి "మ్యావ్" అన్నాడు.

మున్నీ బయటికి రాలేదు, తిండి ముట్టలేదు. షెల్టర్‌కు ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి, "రేపు కూడా తినకపోతే వెనక్కి తీసుకురండి సార్. కొందరి దగ్గర పిల్లులు ఇమడవు" అంది.

ఆ 'కొందరు' అన్న మాట బెంజమిన్‌కు గుచ్చుకుంది. మొక్కలు పెడితే ఎండిపోయాయి, చేపలు పెంచితే తేలిపోయాయి. ఇప్పుడు పిల్లి కూడా వద్దంటే లోకంలో తనను నమ్మే ప్రాణి భార్య గ్రేస్ ఒక్కతే మిగులుతుంది. ఆమెకూ అనుమానాలున్నాయి.

ఆ సాయంత్రం చర్చిలో ప్రార్థన అవసరాలు చెప్పమన్నారు. ఒకరు కిడ్నీ అన్నారు, ఒకరు కొడుకు ఉద్యోగం అన్నారు. వాళ్ల మధ్య లేచి 'మా పిల్లి' అనడానికి బెంజమిన్‌కు నోరు రాలేదు.

"మా గ్రేస్ అన్నం తింటలేదు. జర ప్రార్థన చెయ్యుండ్రి" అనేశాడు. గ్రేస్ ఆ రోజు రాలేదని చూసుకొని మరీ అన్నాడు, అంత ధైర్యవంతుడు.

మర్నాడు పొద్దున్నే సంఘంలో పెద్దామె బిక్షమ్మ, నలుగురు ఆడవాళ్లను వెంటేసుకొని దిగింది. చేతిలో టిఫిన్ డబ్బా, అందులో రోగి కోసమని కారం, మసాలా లేకుండా వండిన కోడికూర. గ్రేస్ అప్పుడే కమ్మగా ఇడ్లీలు తింటోంది.

"అయ్యో బిడ్డా, బలిమికి తింటున్నవా?" అంది బిక్షమ్మ. "గట్లనే తిను. నీ పెనిమిటి నిన్న చర్చిల మస్తు ఫికర్ చేసిండు."

గ్రేస్ బెంజమిన్ వైపు చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ చూపు ఎప్పుడు చూసినా తప్పు ఆయనదే.

కూర చల్లారాలని మూత తీసి, డబ్బా నేల మీద పెట్టి, అందరూ గ్రేస్ తల మీద చేతులుంచి కళ్లు మూసుకున్నారు. బిక్షమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. సిగ్గుతో బెంజమిన్‌కు కళ్లు మూతపడలేదు. బీరువా కింద నుంచి ముందు మూతి వచ్చింది, తర్వాత మున్నీ మొత్తం వచ్చింది. డబ్బాలో తల పెట్టి తినసాగింది. ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతలో బిక్షమ్మ 'ఆమెన్' దగ్గరికి వచ్చేస్తోంది. వీళ్లు కళ్లు తెరిస్తే గోల. గోలైతే పిల్లి మళ్లీ బీరువా కిందికి, అటు నుంచి హైదరాబాదుకు.

"ప్రభువా!" అని బెంజమిన్ అందుకున్నాడు. ఏనాడూ రెండు ముక్కలకు మించి ప్రార్థించని మనిషి వానల కోసం, రోగుల కోసం, కరెంటు పోకుండా ఉండటం కోసం, హైవే మీద లారీ డ్రైవర్ల కోసం ప్రార్థించాడు. మున్నీ ఇంకా తింటూనే ఉంది. ఆయన దగ్గర చెప్పడానికి ఇంకేమీ లేదు, నిజం తప్ప.

"ప్రభువా, తిననిది గ్రేస్ కాదు, మా పిల్లి. సిగ్గయి అబద్ధం చెప్పిన. గిప్పుడది తింటాంది. దాన్ని మా ఇంట్లనే ఉండనియ్యి."

గ్రేస్ భుజాలు నవ్వుతో అదిరాయి. బిక్షమ్మ కళ్లు మూసుకునే, గొంతు బాగా తగ్గించి అంది:

"ఎవ్వరు కండ్లు తెరవకుండ్రి. తిననియ్యుండ్రి దాన్ని."