వంటింటి కిటికీ సైగలు

ఆరు వేసవులుగా లోరెట్టా హుడాక్ ఫైర్ హాల్లో కూర్చుని పగవాళ్ళ ఆట చూస్తోంది.

బొగ్గు గనులు మూతపడ్డాక ఆ పెన్సిల్వేనియా కొండ ఊళ్ళో పదిమంది చేరే చోటు ఫైరింజను నిలిపే ఫైర్ హాలొక్కటే మిగిలింది. అందులో బారు, బారు మీద ఒకే ఒక్క టీవీ. బేస్‌బాల్ దగ్గరికొస్తే ఊళ్ళో సగంమంది ఫిలడెల్ఫియా ఫిలీస్ మనుషులు, మిగతా సగం న్యూయార్క్ యాంకీస్ మనుషులు. ఒకే కంచంలో తినే అన్నదమ్ములు కూడా ఈ విషయంలో చెరో దారి. వేసవంతా ఆ టీవీలో ఎవరి ఆట వెయ్యాలన్నది ఏటా మార్చి నెలలో, ఈస్టర్ ముందటి ఉపవాసాల శుక్రవారం నాడు, ఒక ప్రశ్నల పోటీతో తేలుస్తారు. రెండు బల్లలు, బల్లకు ఇద్దరు. ప్రశ్నలన్నీ ఆటలో మహామహుల జాబితా హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కిన మేనేజర్ల మీదే, అంటే మైదానంలో జట్టును నడిపించేవాళ్ళ మీదే. ఆటగాళ్ళ మీద అడిగిన ఏడాది మాటా మాటా పెరిగి ఒక కుర్చీ కిటికీలోంచి వీధిలో పడింది. మేనేజర్లతో ఆ బాధ లేదు. ఏ జట్టు మనిషైనా తన మేనేజర్ని తిట్టుకుంటూనే పెరుగుతాడు కాబట్టి, వాళ్ళ కోసం కుర్చీ విసిరే వెర్రివాడు ఉండడు.

"అంత కష్టమెందుకు? ఇంట్లో టీవీ లేదా?" అని లోరెట్టాని ఎవరో అడిగారు.

"ఇంట్లో గెలిస్తే ఎవరి మొహం చూసి నవ్వనూ?" అంది లోరెట్టా.

ఆమె నవ్వదలుచుకున్న మొహం చెస్టర్‌ది. చెస్టర్ స్వయానా ఆమె మరిది, యాంకీస్ బల్లకు పెద్ద. గెలిచిన ఆరేళ్ళూ టీవీ రిమోట్‌ని చొక్కా జేబులో, పోలీసు బిళ్ళలాగా, అందరికీ కనబడేట్టు పెట్టుకు తిరిగాడు. ఫిలీస్ బల్ల మీద లోరెట్టా, పక్కన ఆమె మొగుడు సిల్వెస్టర్. సిల్వెస్టర్ నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషి. పోటీలో అతని పని లోరెట్టా చెప్పింది రాయడం, పెన్సిలు మొన విరిగితే చెక్కడం.

ప్రశ్నలడిగేది క్లెమెంట్ గ్రబోస్కీ. చిన్న లీగుల్లో ముప్పయ్యేళ్ళు అంపైరుగా చేసి ఊరు చేరినవాడు. మైదానం వదిలినా అలవాటు వదల్లేదు. తీర్పు మీద ఎవరైనా నోరెత్తితే బొటనవేలు వెనక్కి విసిరి బయటికి గెంటేస్తాడు. గెంటించుకున్నవాళ్ళు వంటింట్లోకి పోయి పోటీ అయ్యేదాకా గిన్నెలు తోమాలి. బల్ల మీద మిగిలిన మనిషి ఒంటరిగా ఆడుకోవాలి.

ఆ ఏడాది పోటీలో మొదటి సగం సాఫీగా నడిచింది. సూటూ టై కట్టుకుని యాభై ఏళ్ళు ఒకే జట్టును నడిపిన మేనేజరెవరంటే చెస్టర్ 'కాన్నీ మ్యాక్' అన్నాడు, పాయింటిచ్చారు. సగం దాటేసరికి ఇద్దరూ సమానం. అప్పుడు క్లెమెంట్ గొంతు సవరించుకున్నాడు.

"రెండు లీగుల జట్లతోనూ వరల్డ్ సిరీస్ గెలిచిన మొట్టమొదటి మేనేజర్ ఎవరు?"

లోరెట్టా నవ్వుకుంటూ చెప్పింది. సిల్వెస్టర్ 'స్పార్కీ ఆండర్సన్' అని గుండ్రంగా రాశాడు. అవతలి బల్ల నుంచి 'జార్జ్ ఆండర్సన్' అని కార్డు లేచింది.

"పాయింటు యాంకీస్ బల్లకి," అన్నాడు క్లెమెంట్. "నా కార్డు మీద జార్జ్ అని ఉంది. ముద్దుపేర్లు చెల్లవు."

లోరెట్టా లేచింది.

"చెల్లవా? ఇందాక మా మరిది కాన్నీ మ్యాక్ అంటే ఎలా చెల్లింది? వాళ్ళమ్మ పెట్టిన పేరు కార్నీలియస్ మెక్‌గిలికడ్డీ! మ్యాక్‌కో న్యాయం, స్పార్కీకో న్యాయమా, అంపైర్ గారూ?"

"తీర్పు అయిపోయింది. కూర్చో లోరెట్టా."

"వదినా, ఆరేళ్ళుగా ఓడుతున్నావు, ఇంకా అలవాటు కాలేదా?" అన్నాడు చెస్టర్. "ఒంటికి మంచిది కాదు. కూర్చుని నీళ్ళు తాగు."

ఆ మాటతో లోరెట్టా తన తల మీది ఫిలీస్ టోపీని వెనక్కి తిప్పింది. పాతకాలపు మేనేజర్ ఎర్ల్ వీవర్ అంపైర్ల మీదికి వెళ్ళేటప్పుడు అలాగే తిప్పేవాడు, టోపీ అంచు అడ్డం రాకుండా ముక్కుకు ముక్కు ఆనించి అరవడానికి. అరిచింది. క్లెమెంట్ రెప్ప కూడా ఆర్పలేదు. మేనేజర్లకు కోపమొస్తే బ్యాటర్ ముందు నేల మీదుండే తెల్ల పలక, అంపైరు తుడిచి ఉంచే హోమ్ ప్లేట్ మీద మట్టి తన్నుతారు. ఇక్కడ మట్టి లేదు కాబట్టి ఆమె బల్ల మీది ఉప్పు సీసా మూత తిప్పి, మొత్తం అతని కార్డు మీద కుమ్మరించింది.

క్లెమెంట్ హడావిడి పడలేదు. జనానికి వీపు తిప్పి నిలబడి, వెనక జేబులోంచి తన పాత బ్రష్షు తీసి, ప్లేటు తుడిచినట్టే కార్డు మీది ఉప్పంతా తుడిచాడు. బ్రష్షు జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు తిరిగాడు.

"కళ్ళజోడు మార్చుకోండి," అంది లోరెట్టా, ఎలాగూ మునిగాను గదా అని.

బొటనవేలు వంటింటి వైపు ఎగిరింది. యాంకీస్ మనుషులు బల్లలు చరిచారు, ఫిలీస్ మనుషులు ఇంకా గట్టిగా చరిచారు. ఆ గోల మధ్య సిల్వెస్టర్ ఒక్కడే, సంతలో తల్లి చెయ్యి వదిలేసిన పిల్లాడిలా, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు.

వంటింట్లో, హాలు వంట చూసుకునే జెనీవీవ్ పెద్ద మూకుట్లో వెన్నా ఉల్లిపాయా వేసి, బంగాళాదుంప కూరిన కజ్జికాయల్లాంటి పియెరోగీలు వేయిస్తోంది.

"రా తల్లీ రా. నువ్వొస్తావనే ఆ పెద్ద గిన్నె ముట్టుకోలేదు," అంది.

"ఒక్క పాయింటు వెనకున్నాం జెనీ. మిగిలింది చివరి మూడు ప్రశ్నలు. బల్ల మీద మా ఆయనొక్కడే!"

"మీ ఆయన మంచివాడు."

"మంచివాళ్ళకు టీవీ ఇవ్వరుగా!"

వడ్డించడానికి వంటింటి గోడలో ఒక కిటికీ ఉంది. లోరెట్టా గిన్నె తోముతూ అందులోంచి చూసింది. రెండు బల్లలూ ఎదురుగా కనబడుతున్నాయి. క్లెమెంట్ వీపు మాత్రమే కనబడుతోంది. ఆమె చెయ్యి సబ్బు నురగలోనే ఆగిపోయింది.

చివరి మూడు ప్రశ్నలకు మూడేసి పేర్లిస్తారు. ఒకటి, రెండు, మూడు. కార్డు మీద అంకె రాస్తే చాలు. అంకెలంటే వేళ్ళు. బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ తొడల మధ్య చెయ్యి పెట్టి, ఏ బంతి వెయ్యాలో పిచ్చర్‌కి చూపించేవీ వేళ్ళే కదా! పైగా ఆమె, సిల్వెస్టర్ కలిసి ఊరి ఆడపిల్లల జట్టుకు చాలా ఏళ్ళు ఆట నేర్పారు. ఆమె సైగలన్నీ అతనికి కంఠతా వచ్చు. మొదట ముక్కు ముట్టుకుంటే ఆ తర్వాత చూపించేది నిజం. ముక్కు ముట్టుకోకుండా ఏం చూపించినా ఒట్టిదే, అవతలివాళ్ళను ఏమార్చడానికి.

"పళ్ళ డాక్టరు చదువుకి వెళ్ళిన మేనేజరెవరు?" క్లెమెంట్ గొంతు వినబడింది. "ఒకటి, టామీ లసోర్డా. రెండు, కేసీ స్టెంగెల్. మూడు, వైటీ హెర్జోగ్."

లోరెట్టా ముక్కు ముట్టుకుంది. పళ్ళెం ఆరబెడుతున్నట్టు రెండు వేళ్ళు పైకెత్తింది. సిల్వెస్టర్ కార్డు ఎత్తితే దాని మీద రెండు. చెస్టర్ కార్డు మీద ఒకటి. సమానమైపోయారు.

"ముక్కు దురదా?" అంది జెనీవీవ్.

"సబ్బు పడదు నాకు."

"ఇరవై ఏడేళ్ళకే జట్టులో ఆడుతూ, జట్టును నడిపిస్తూ, ఆ ఏడే వరల్డ్ సిరీస్ గెలిచిన కుర్రాడెవరు? ఒకటి, బకీ హారిస్. రెండు, ఆల్ లోపెజ్. మూడు, టోనీ లరూసా."

ముక్కు. ఒక వేలు. సిల్వెస్టర్ ఒకటి రాశాడు. చెస్టర్ మాత్రం వెంటనే రాయలేదు. తీరిగ్గా బీరు గుటకేసి, తలెత్తి, కిటికీ వైపు ఒక చూపు విసిరి అప్పుడు ఒకటి రాశాడు. రాసి, లోరెట్టా వైపు చూసి కన్ను కొట్టాడు.

లోరెట్టాకి చెమటలు పట్టాయి. చెస్టర్ హైస్కూల్ జట్టులో నాలుగేళ్ళు క్యాచర్. వేళ్ళ భాష అతనికి తల్లిపాలతో వచ్చింది. తను తాడి తన్నితే వాడు తన తల తన్నాడు. కాసేపటికి చెమట ఆరింది, నవ్వొచ్చింది. వాడు దొంగిలించింది వేళ్ళనే. ముక్కు సంగతి వాడికి తెలియదు.

"ఆఖరి ప్రశ్న," అన్నాడు క్లెమెంట్. "మేజర్ లీగుల్లో ఒకే ఒక్కసారి బ్యాటు పట్టి, ఆ ఒక్కసారీ బంతిని కొట్టలేక స్ట్రైకౌటై, తర్వాత గొప్ప మేనేజరైన వాడెవరు? ఒకటి, జో మెకార్తీ. రెండు, ఎర్ల్ వీవర్. మూడు, వాల్టర్ ఆల్‌స్టన్."

ఆల్‌స్టన్. మిగతా ఇద్దరూ మేజర్ లీగుల్లో ఒక్క బంతీ ఆడలేదు. లోరెట్టా ముక్కు జోలికి పోలేదు. కిటికీకి అడ్డంగా వచ్చి, ఒక వేలును దీపస్తంభంలా నిలబెట్టి, గరిటె తుడవడం మొదలుపెట్టింది. చెస్టర్ చూశాడు. పెదవి విరిచి, తాపీగా ఒకటి రాశాడు.

అప్పుడు తట్టింది లోరెట్టాకి. శత్రువును గోతిలో తోసింది సరే, మొగుడి సంగతేమిటి? ముక్కు ముట్టుకోలేదు కాబట్టి ఒకటి కాదని అతనికి తెలుస్తుంది. కానీ రెండో మూడో ఎలా తెలుస్తుంది? ఇప్పుడు ముక్కు ముట్టుకుని మూడు చూపిస్తే చెస్టర్ చెరిపి రాసుకుంటాడు. కార్డు పైకెత్తేదాకా దిద్దుకోవచ్చు. చేతులు రెండూ నీళ్ళలో ముంచేసి, మరియమ్మ తల్లికి మొక్కుకుంది. మొక్కులో ఫిలీస్ పేరు కూడా కలిపింది.

సిల్వెస్టర్ పెన్సిలు కొన నాలుక మీద పెట్టుకున్నాడు. పైకప్పు చూశాడు. రాశాడు.

"కార్డులెత్తండి!"

చెస్టర్‌ది ఒకటి. సిల్వెస్టర్‌ది మూడు.

"వాల్టర్ ఆల్‌స్టన్," అన్నాడు క్లెమెంట్. "టీవీ ఫిలీస్ బల్లకి."

హాలు సగం లేచి నిలబడింది. మిగతా సగం తరఫున చెస్టర్ ఒక్కడే లేచాడు, మొహం కందగడ్డలా చేసుకుని.

"మోసం! గెంటేసిన మనిషి వంటింట్లోంచి సైగలు చేసింది! నేను కళ్ళారా చూశాను!"

క్లెమెంట్ నెమ్మదిగా అతని వైపు తిరిగాడు. "ఏం చూపించింది?"

"ఒకటి!"

"మీ అన్న ఏం రాశాడు?"

చెస్టర్ తన కార్డును బోర్లా తిప్పాడు.

"మూడు రాశాడు. ఒకటి ఎవరు రాశారు?"

ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు బల్ల నుంచి బల్లకు పాకింది. యాంకీస్ మనుషులు కూడా గ్లాసుల్లో మొహాలు దాచుకుని నవ్వుతున్నారు.

"నేను... వదిన అంత బాహాటంగా చూపిస్తుంటే... కళ్ళు మూసుకోవాలా?"

"మూసుకోనక్కర్లేదు," అన్నాడు క్లెమెంట్. "ఉత్త కళ్ళతో సైగ దొంగిలిస్తే ఆటలో తప్పు లేదు. దొంగిలించిన సరుకు నకిలీదైతే అంపైరుకి ఫిర్యాదు చెయ్యకూడదు. అంతే. రిమోట్ ఇలా ఇవ్వు."

చెస్టర్ జేబులోంచి రిమోట్ తీసి, అన్న చేతిలో పెట్టి, "వదినకి నువ్వు మొగుడివెలా అయ్యావన్నయ్యా?" అని గొణిగాడు.

సిల్వెస్టర్ రిమోట్ పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చాడు. లోరెట్టా తడి చేతులతోనే అతని బుగ్గలు పట్టుకుంది.

"మహానుభావా! ఒకటి కాదని ముక్కును బట్టి తెలుసుకున్నావు సరే, రెండు కాదని ఎలా పట్టావు?"

"ముక్కేమిటి?"

"అదే, నేను ముక్కు ముట్టుకోలేదుగా!"

"నేనసలు ఇటు చూడలేదే," అన్నాడు సిల్వెస్టర్. "గెంటేశాక చూడకూడదు కదా! తప్పు."

లోరెట్టా చేతులు జారిపోయాయి. "మరి కేసీ స్టెంగెల్? బకీ హారిస్?"

"అవి తెలిసినవే."

"ఇన్నేళ్ళూ ఒక్కటీ చెప్పలేదేం?"

"నువ్వు అడిగితేగా!" అన్నాడు. అతని గొంతులో నిష్ఠూరం లేదు, వాన పడిందని చెప్పినట్టు చెప్పాడు. "నువ్వు చెబుతుంటే నాకు వినడం ఇష్టమే. రెండేళ్ళ కింద ఆ ఒక్కటి తప్పు చెప్పినప్పుడు మాత్రం..."

"ఏ ఒక్కటి?"

"వద్దులే. ఇప్పుడెందుకు?"

వెనక జెనీవీవ్ పియెరోగీల మూకుడు వదిలేసి గోడకానుకుని, పొట్ట పట్టుకుని నవ్వుతోంది. లోరెట్టా ఆప్రాన్ విప్పబోయింది. క్లెమెంట్ గొంతు హాలు దాటి వచ్చింది.

"గెంటివేత గెంటివేతే! గిన్నెలయ్యేదాకా బయటికి రావడానికి లేదు."

"పోటీ అయిపోయిందిగా!"

"ఉప్పు తుడిచింది నేను. గిన్నెలు తోమేది నువ్వు."

సిల్వెస్టర్ వెళ్ళి బారు దగ్గర, సరిగ్గా టీవీ కింద, ఆరేళ్ళుగా చెస్టర్ కూర్చున్న ఎత్తు స్టూలెక్కాడు. ఎవరో గ్లాసు నింపి అతని ముందు పెట్టారు. టీవీలో ఫిలీస్ వాళ్ళ సన్నాహపు ఆట వస్తోంది. ఎర్ర గీతల చొక్కాలు కనబడుతున్నాయి గాని, మాట ఒక్కటీ వినబడడం లేదు.

లోరెట్టా కిటికీలోంచి ముక్కు ముట్టుకుంది. చెవి చూపించింది. బొటనవేలు పైకెత్తి ఎగరేసింది, సౌండు పెంచమని. మళ్ళీ ముక్కు, మళ్ళీ చెవి. పక్క బల్ల మీద నుంచి చెస్టర్ అన్నీ శ్రద్ధగా చూశాడు, ఒక్కటీ అన్నకు చెప్పలేదు.

సిల్వెస్టర్ మాత్రం నియమం తప్పని మనిషి. కిటికీ వైపు తల కూడా తిప్పలేదు.